పలు గొంతుకలు, ఒకే త్రోవ

ఐక్యరాజ్య సమితికి చెందిన విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ యునెస్కో 1980లో ఒక నివేదికను ప్రకటించినది. దాని పేరును ‘పలు గొంతుకలు, ఒకే ప్రపంచము’ అని తెలుగున చెప్పుకొనవచ్చును. దానిని సిద్ధపరచిన సంఘమునకు అధ్యక్షుడు ఐర్లండు దేశీయుడైన షాన్ మెక్‌బ్రైడ్. అందుచే దానికి మెక్‌బ్రైడ్ నివేదిక యను వాడుక కలిగినది. రాజకీయవేత్తలును, పత్రికా సంపాదకులును ఆ గ్రంథమును గూర్చి చేసినంత చర్చ సాహిత్యపరులు చేయలేదు. అది ప్రభుత్వముల వ్యవహారమనియు, వార్తాసంస్థల తగవనియు మనవారు తలచి యుందురు. కాని లోకమందలి మాట ఏ త్రోవను వచ్చి మన వాకిట నిలుచుచున్నది, దారిలో ఏ వేషమును ధరించుచున్నది అను ప్రశ్న రచయితకు పరాయిది కాజాలదు. మాటయే అతని ముడిసరుకు కదా. కావున ఆ నివేదికను ఒక గ్రంథముగా చేతబట్టి, అందు ఏమి చూచిరి, ఏమి చూడక విడిచిరి యని విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నివేదిక పుట్టుటకు కారణమైన తగవు చాల పాతది. పారిసులో ఆవా సంస్థ 1835లోను, బెర్లినులో వోల్ఫ్ సంస్థ 1849లోను, లండనులో రాయిటర్ సంస్థ 1851లోను వెలసినవి. తంతితీగలు సముద్రములను దాటిన కాలమున, 1870లో, ఈ మూడు సంస్థలును కూర్చుండి భూగోళమును పంచుకొన్నవి. ఏ భూభాగపు వార్తలను ఎవరు సేకరించి అమ్మవలెనో ఒడంబడిక వ్రాసికొన్నవి. ఆంగ్ల సామ్రాజ్యము సహజముగా రాయిటరు పాలబడినది. ఆ సంస్థ అంతకుముందే, 1866లో, బొంబాయిలో కార్యాలయమును తెరచి యుండెను. ఈ పంపకము 1934 వరకు ఏదో రూపమున సాగినది. దాని ఫలితమేమి? ఈజిప్టులో జరిగిన సంగతి అరేబియా సముద్రము మీదుగా మనకు చేరుటకు ముందు లండనులోని బల్లమీద ఒకసారి తెరువబడి, తూచబడి, ఆంగ్లములో మరల కట్టబడి వచ్చెడిది. మన సంగతియు ఇతరులకు అదే విధముగా పోయెడిది.

స్వాతంత్ర్యము వచ్చిన యేడే, 1947లో, చెన్నపట్టణమున ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా నమోదైనది. 1949లో అది రాయిటరు చేతిక్రింది సంస్థనుండి దేశీయ వార్తల పనిని అందుకొన్నది. ఇట్టి సంస్థలు ఆసియా, ఆఫ్రికా దేశములలో పెక్కు వెలసినవి. అయినను పెద్ద త్రోవలు మారలేదు. 1970 ప్రాంతమున ప్రపంచ వార్తలలో అధికభాగము న్యూయార్కు, లండను, పారిసు నగరములందలి నాలుగు సంస్థల చేతులమీదుగానే నడచుచుండెను. అందు బీదదేశముల పేరు కనబడవలెనన్న వరదయైనను రావలెను, భూకంపమైనను కావలెను, సైనికులు రాజ్యమునైనను పట్టుకొనవలెను. ఈ అసమానతను సరిదిద్దవలెనని అలీన దేశములు కోరినవి. యుగోస్లావియా వార్తాసంస్థ తాన్యుగ్ ముందు నిలువగా 1975లో తమ వార్తలను తాము పంచుకొను కూటమిని ఏర్పరచుకొన్నవి. 1976 జూలైలో ఢిల్లీ నగరమున ఆ దేశముల సమాచార మంత్రులు సమావేశమై దానికి పూర్ణరూపము నిచ్చిరి.

ఇచ్చట విమర్శకుడు ఒక నిజమును దాటిపోరాదు. ఆ సమావేశము జరిగిన దినములలో మన దేశమున అత్యవసర పరిస్థితి అమలులో నున్నది. పత్రికలపై నిర్బంధ పరిశీలన సాగుచున్నది. నాలుగు దేశీయ వార్తాసంస్థలను కలిపివేసి ‘సమాచార్’ అను ఒక్క సంస్థగా చేసినది కూడ ఆ సంవత్సరమే. 1978లోగాని అవి మరల విడివడలేదు. పరదేశపు పెద్ద గొంతుక మన గొంతుకను మింగుచున్నదని సభలో చెప్పుచు, ఇంటిలోని చిన్న గొంతుకలను నొక్కుట ఆనాటి ప్రభుత్వమునకు వైరుధ్యముగా తోచలేదు. పడమటి పత్రికాధిపతులు ఈ ఉద్యమమును వెక్కిరించుటకు ఇట్టి ఆయుధములను మనవారే అందించిరి. ఉద్యమము కోరిన న్యాయము అబద్ధము కాదు. కోరినవారిలో కొందరి చేతులు శుభ్రముగా లేవు. ఈ రెండు మాటలను కలిపి చెప్పగలిగినప్పుడే మన విమర్శకు విలువ.

యునెస్కో 1977లో నియమించిన సంఘమున పదునారుగురు సభ్యులు. మన దేశమునుండి బి. జి. వర్గీస్ ఉండెను. సాహిత్యపరులు గుర్తింపదగిన పేర్లు మరి రెండు గలవు: కొలంబియా నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్క్వెస్, ఇండొనేషియా నవలాకారుడు మొఖ్తార్ లూబిస్. మార్క్వెస్ క్యూబా విప్లవానంతరము 1959లో వెలసిన ప్రెన్సా లాటినా వార్తాసంస్థలో కొంతకాలము పనిచేసినవాడు. చిన్నదేశము తన వార్తను తాను చెప్పుకొనుటలోని ఉత్సాహమును ఆయన దగ్గరనుండి చూచెను. లూబిస్ పత్రికా సంపాదకుడు. సుకర్ణో పాలనలో 1956 మొదలు 1966 వరకు అధికభాగము నిర్బంధములో గడపెను. స్వదేశ ప్రభుత్వము గొంతు నొక్కుట యెట్లుండునో ఆయనకు శరీరానుభవము. ఒకరికి పరదేశపు పెత్తనము ప్రధాన శత్రువు. మరియొకరికి ఇంటి పెత్తనము. నివేదికలోని ఘర్షణ అంతయు ఈ యిద్దరి జీవితములలోనే కలదని చెప్పవచ్చును.

లూబిస్ కథలో మనకు అక్కరకు వచ్చు మరియొక సంగతి గలదు. జకార్తా నగరపు సంజవేళను పేరుగా గలిగిన ఆయన నవల 1963లో మొదట ఆంగ్లానువాదముగా వెలువడినది. ఇండొనేషియాలో అది అచ్చయినది 1970లో. అనగా స్వంతభాషా పాఠకులకంటె ఏడేండ్లు ముందుగా పరభాషా పాఠకులు దానిని చదివిరి. ఆంగ్లము దారికడ్డముగా కూర్చున్న సుంకరి మాత్రమే యనుకొనువారు ఈ యుదాహరణమును తలచుకొనవలెను. ఇంట నిలువనీడ లేని పుస్తకమునకు ఆ భాష ఆశ్రయమిచ్చినది.

ఇక నివేదిక గుణదోషములు. దాని పెద్ద గుణము, సమాచారమును అమ్మకపు సరుకుగాగాక మనుష్యుని హక్కుగా చూచుట. పైనుండి క్రిందికి పడు వార్తకు బదులు ఇచ్చి పుచ్చుకొను సంభాషణ కావలెనని అది కోరినది. కొద్దిమంది చేతులలో వార్తాసాధనములు చేరుటను ఖండించినది. ప్రభుత్వములు చేయు నిషేధములను కూడ అంతే స్పష్టముగా ఖండించినది. చివర ఎనుబదిరెండు సిఫార్సులు చేసినది. దోషము దాని వచనములోనే కనిపించును. పదునారుగురికి సమ్మతమగునట్లు వ్రాయబూనిన వాక్యము ఏ ఒక్కరి ముఖమును చూపజాలదు. ఒక వాక్యము కుడికి వంగిన, తరువాతి వాక్యము ఎడమకు వంగి తూకమును సరిచేయును. మార్క్వెస్, చిలీ దేశీయుడైన హువాన్ సోమావియా కలిసి చివర ఒక ప్రత్యేక వ్యాఖ్యను చేర్చిరి. యంత్రసాధనములే ఈ చిక్కులను తీర్చునను ధోరణి నివేదికలో అక్కడక్కడ తొంగిచూచుచున్నదనియు, యంత్రము ఎన్నడును తటస్థము కాదనియు వారు హెచ్చరించిరి. నేటికి ఆ గ్రంథమున మిక్కిలి ప్రాణముతో నున్న భాగము అదియే.

నివేదిక గతి యేమైనదో అందరకు తెలియును. 1984 చివర అమెరికాయు, 1985 చివర బ్రిటనును యునెస్కోను విడిచినవి. బ్రిటను 1997లోను, అమెరికా 2003లోను మరల చేరునాటికి ఆ తగవు అటకెక్కినది. ఇంతలో 1991 గల్ఫు యుద్ధమును ఉపగ్రహములు ఇండ్లలోనికి దింపినవి. తరువాత అంతర్జాలము వచ్చినది. మంత్రులు సభలలో కూర్చుండి తేల్చవలెననుకొన్న ప్రశ్నలు వ్యాపారసంస్థల లెక్కల పుస్తకములలోనికి పోయినవి.

ఆ గ్రంథము చూడక విడిచిన దానిని ఇప్పుడు చెప్పవలెను. అది ప్రపంచమును దేశములుగా లెక్కించినది, భాషలుగా లెక్కింపలేదు. భాషల ప్రస్తావన అందు లేకపోలేదు. ప్రతి దేశమును భాషావిధానమును ఏర్పరచుకొనవలెనను సిఫార్సు గలదు. కాని అచ్చట భాష దేశములోపలి ఏర్పాటు మాత్రమే. ఒక భాషనుండి మరియొక భాషకు మాట పోవు త్రోవ ఎవరి ఇంటి ముందుగా పోవుచున్నది, సుంకమెవరు తీసికొనుచున్నారు అను విచారణ లేదు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్ల పదునొకండు లక్షలు. ఐరోపాలోని పెక్కు రాజ్యముల జనాభా ఇంత లేదు. అయినను దేశముల పట్టికలో ఈ భాషకు స్థానము లేదు. మన దేశీయ వార్తాసంస్థయు మొదటినుండి ఆంగ్లముననే పలికినది. దాని హిందీ సేవ 1986లో వచ్చినది. లండనునుండి ఢిల్లీకి పెత్తనము మారినది గాని, తెలుగు ఉపసంపాదకుని బల్లమీదికి వచ్చిన కాగితము యొక్క భాష మారలేదు.

దీనివలన నష్టమేమని కొందరడుగుదురు. ఒక్క మాటను చూడుడు. అరేబియా, ఇరాకు, సిరియా దేశములున్న ప్రాంతమును మన పత్రికలు చిరకాలము ‘మధ్యప్రాచ్యము’ అని వ్రాసినవి. నేటికిని వ్రాయునవి కలవు. ప్రాచ్యమనగా తూర్పు. ఆ దేశములు మనకు తూర్పున నున్నవా? విశాఖపట్టణమునుండి చూచినను, ఆదిలాబాదునుండి చూచినను అవి పడమట నున్నవి. లండనులో నిలుచుండి చూచువానికి అవి తూర్పు. ఆ మాటను వ్రాసిన ప్రతిసారియు తెలుగువాడు తెలియకయే లండనులో నిలుచుచున్నాడు. మన ప్రభుత్వము వాడు ‘పశ్చిమాసియా’ యను పేరు సరియైనది. కొన్ని పత్రికలు దానిని గ్రహించినవి. సూర్యుడు తన ఇంటికి ఏ దిక్కున అస్తమించునో మరచిన భాషలో ప్రకృతి వర్ణన మాత్రము ఎట్లు నిజమగును?

అనువాదకుడు మేలుకొని యున్నచో ఫలితము వేరుగా నుండునని చెప్పుటకు మరియొక మాట గలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా, రష్యాల మధ్య సాగిన వైరమునకు ఆంగ్లములో ‘చల్లని యుద్ధము’ అను అర్థము వచ్చు పేరున్నది. తెలుగువారికి చల్లదనము హాయిని గుర్తునకు తెచ్చును. కడుపు చల్లగా ఉండవలెనని దీవించు జాతి మనది. ఆ మాటను ఉన్నదున్నట్లు దించినచో వైరము వేడుకగా తోచును. ‘ప్రచ్ఛన్న యుద్ధము’ అని వ్రాసినవాడు మాటను విడిచి విషయమును పట్టుకొన్నాడు. మరుగున సాగు కయ్యమని చదువరికి వెంటనే తెలిసినది. ఆ పేరును మొదట పెట్టిన ఉపసంపాదకుడు కవి పేరు లేకుండనే కవి పని చేసినాడు.

పదములకంటె వాక్యము మరింత లోతుగా మారినది. వార్తాసంస్థల ఆంగ్లమునకు కర్మణి ప్రయోగము ప్రీతి. ‘పదుగురు చంపబడిరి’ అను వాక్యము అట్లే మనకు సంక్రమించినది. చంపినదెవరు? తెలుగు పల్లెలో ఎవడైనను ఇట్టి మాట చెప్పిన, వినువాడు ముందుగా అడుగు ప్రశ్న అదియే. మన సహజ వాక్యము కర్తను ముందు నిలుపును. కర్తను దాచు వాక్యమును దినదినమును చదివి చదివి మనము ఆ ప్రశ్నను మరచుచున్నాము. కథలలోను, నవలలలోను ఈ వాక్యము చేరినది. అన్యాయము జరుగును, చేసినవాడు మాత్రము వాక్యములో నుండడు. ఇది వ్యాకరణ దోషమని పండితులు చెప్పుదురు. నేను దీనిని నీతి దోషమందును.

ఇట్లు పై త్రోవ ఒకటి యుండగా, అడుగున మరియొక త్రోవ ఏర్పడినది. 1970 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశములలో పనులు లేచినప్పుడు, కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల పల్లెలనుండి వేలకొలది జనులు అచ్చటికి కూలికి పోయిరి. మస్కటు పోయినను, కువైటు పోయినను వారి ఇంటివారు ‘దుబాయి పోయిండు’ అనియే అందురు. ఆ పోయినవారితో కొన్ని మాటలు తిరిగి వచ్చినవి. నివాసపు అనుమతి పత్రము ‘అకామా’. పనికి పెట్టుకొని, తన పేరిట నిలుపుకొను యజమాని ‘కఫీలు’. ఆ యజమానిని విడిచి పత్రములు లేక తిరుగువాడు ‘ఖల్లివెల్లి’. అరబ్బులు ‘పోనిమ్ము, విడిచిపెట్టుము’ అను అర్థమున వాడు పలుకుబడి, తెలంగాణపు నోట ఒక మనిషి దశకు పేరైనది. ఒక్క మాటలో ఎంత నవల గలదో చూడుడు! పోనిమ్మన్నదెవరు, పోయినదెవరు, ఎదురుచూచినదెవరు — అన్నియు అందు గలవు.

ఈ మాటలు ఏ వార్తాసంస్థ తీగమీదను రాలేదు. లండను బల్లమీద ఆగలేదు. కూలివాని పెదవిమీద అరబ్బీనుండి తెలుగునకు నేరుగా నడచి వచ్చినవి. ఒకే పత్రికలో మొదటి పుట ఆ ప్రాంతమును ‘మధ్యప్రాచ్యము’ అనుచుండగా, జిల్లా పుట ‘ఖల్లివెల్లి’ కార్మికుల గోడు వ్రాయుట మనము చూచినదే. మొదటి పుటది అరువు చూపు. జిల్లా పుటది స్వంత చూపు. అంతర్జాతీయ సమాచారమని పెద్ద పేరు పెట్టి మెక్‌బ్రైడ్ సంఘము వెదకినది ఈ రెండవ త్రోవనే. కాని అది ఏ దేశపు మంత్రి చేతిలోను లేదు గనుక వారి కంట పడలేదు.

సాహిత్యమున ఇట్టి నేరుత్రోవను తెలిసి త్రొక్కినవారు మనకు లేకపోలేదు. ఉమర్ ఖయ్యాము కథ అందుకు మంచి నిదర్శనము. పారశీక కవియగు ఆయనను 1859లో ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ ఆంగ్లీకరించెను. లోకము చదివిన ఖయ్యాము చాలవరకు ఫిట్జెరాల్డే. భారతీయ భాషలలో వచ్చిన అనువాదములు పెక్కు ఆ ఆంగ్లమునకు నీడలు. విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసు అట్లు తృప్తి పడలేదు. 1932లో ప్రకటించిన తన ‘రుబాయత్’ గ్రంథమున పారశీక మూలమును, ఫిట్జెరాల్డు పద్యములను ప్రక్కప్రక్కన నిలిపి, రెంటిని విడివిడిగా సంస్కృతమునకును, అచ్చతెలుగునకును తెచ్చెను. మధ్యవర్తిని ఇంటినుండి గెంటివేయలేదు. మూలము ప్రక్కన కూర్చుండబెట్టి సాక్ష్యమడిగెను. ఎచ్చట కలిసెనో, ఎచ్చట తప్పెనో చదువరియే చూచుకొనును. కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పిన ఒక గాయకుడు చేసిన ఈ పని, అంతర్జాతీయ సంఘములు నలుబది యెనిమిదేండ్ల తరువాత కూడ ఊహింపని విమర్శ పద్ధతి. దువ్వూరి రామిరెడ్డియు పారశీకమును నేర్చియే ‘పానశాల’ను కట్టెను.

ఆ త్రోవ తరువాతను మూతపడలేదు. చక్రపాణి వంగభాషను నేర్చి శరచ్చంద్రుని తెలుగువాడుగా చేసెను. పురిపండా అప్పలస్వామి ఒడియానుండి గోపీనాథ మహంతి ‘అమృత సంతానము’ను తెచ్చెను. దాశరథి ఉర్దూనుండి గాలిబును 1961లో ‘గాలిబ్ గీతాలు’గా వినిపించెను. రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో అనువాదకుడుగా పనిచేసి, ఆ శ్రమలోనుండి ‘అనువాద సమస్యలు’ వంటి విమర్శ గ్రంథమును తీసెను. 1988లో దానికి సాహిత్య అకాడెమి పురస్కారము లభించినది. అనువాదము గుమాస్తా పని యను తలంపు ఆ గ్రంథముతో పోవలసినది, పూర్తిగా పోలేదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. నూరు భాషలను ఎవరు నేర్తురు? మార్క్వెస్ నవలయే మనలో పెక్కురకు 1970లో వెలువడిన ఆంగ్లానువాదము వలన తెలిసినది గదా? నిజమే. ఆ ఉపకారమును కాదనుట కృతఘ్నత. ఆంగ్లము వలదని నా వాదము కాదు. ఆంగ్లము గుండా వచ్చినదానిని ఆంగ్లము గుండా వచ్చినదని చెప్పుకొనవలెను. మధ్యవర్తి పేరు దాచిన అనువాదము చదువరిని మోసగించును. ప్రతి అనువాద గ్రంథపు ముఖపత్రముపై అది ఏ భాషనుండి వచ్చినదో, మూలమునుండియా, వేరొక అనువాదమునుండియా యను మాట అచ్చు వేయుట ఒక చిన్న నియమము. దానికి ఖర్చు లేదు. అది అలవాటైననాడు మూలభాషను నేర్చినవానికి తగిన గౌరవము దానంతట అదే వచ్చును.

నేడు ఈ విచారము మరింత అవసరమైనది. ఇప్పుడు అనువాదము చేయుటకు యంత్రములు వచ్చినవి. తమిళమునుండి తెలుగునకో, అరబ్బీనుండి తెలుగునకో మాటను దించునప్పుడు, పెక్కు యంత్రపద్ధతులు నడుమ ఆంగ్లమును నిలుపుకొనియే పనిచేసినవి. రెండు భాషలలోను సరిజోడుగా నున్న పాఠములు తక్కువగుటయే అందుకు కారణము. 1870 నాటి ఒడంబడికను ఎవరును మరల వ్రాయలేదు. అయినను త్రోవ మరల అచ్చటికే చేరినది. మార్క్వెసును, సోమావియాయును చేసిన హెచ్చరిక ఇచ్చట ఫలించినది. యంత్రము మన ముందుంచిన పాఠములను చదివియే నేర్చును. నేరుగా జరిగిన అనువాదములు లేని భాషకు యంత్రము కూడ చుట్టుత్రోవనే చూపును.

కావున పని రచయితలదే. తెలుగు రచయితలు రెండు రాష్ట్రములలోనే లేరు. హోసూరులో తమిళము నడుమ, బళ్ళారిలో కన్నడము నడుమ, బరంపురములో ఒడియా నడుమ, బొంబాయిలో మరాఠీ నడుమ ఉన్నారు. ప్రక్కింటివారి భాష వారికి వీధిలోనే దొరకినది. ఏ విశ్వవిద్యాలయమును వారికి నేర్పనక్కరలేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి కొండలలోని సవరల ఇండ్లకు పోయి వారి భాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. ఒక మనిషి ఓపికకు ఎంత శక్తి గలదో అది చూపును. ఎల్లలలో నున్న ప్రతి రచయితయు ఇరుగుపొరుగు భాషలోని ఒక్క మంచి గ్రంథమును మూలమునుండి తెచ్చినను, పదేండ్లలో మనకు పది నేరుత్రోవలు ఏర్పడును. గల్ఫునుండి వచ్చినవారి మాటలను సేకరించి అర్థములతో అచ్చువేయుటయు అట్టి పనియే. ఆ మాటలు తెలిసిన తరము ఇంకను మన మధ్య నున్నది.

మెక్‌బ్రైడ్ నివేదిక ఎనుబదిరెండు సిఫార్సులను ప్రభుత్వములకు చేసినది. ప్రభుత్వములు వానిని బీరువాలలో పెట్టినవి. ఎనుబదిమూడవ సిఫార్సు ఒకటి వ్రాయవలసి వచ్చినచో, అది రచయితల పేరిట వ్రాయవలెను: మాట మన ఇంటికి చేరినప్పుడు, దానిని ‘ఏ త్రోవను వచ్చితివి?’ అని అడిగిన తరువాతనే పీట వేయవలెను.